కాలువ నేర్పిన బుద్ధులు

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటారే, ఆ మాట నేను ఒప్పుకోను నాయనా. సామెతలంటే నాకు గౌరవమే. పూటకి నాలుగు సామెతలు చెప్పనిదే మా మామ్మకి అన్నం అరగదని నువ్వే ఆటపట్టిస్తుంటావు. కానీ ఈ ఒక్క సామెత నా కళ్ళ ముందే అబద్ధమైపోయింది. మొన్న పెళ్ళిలో నీ స్నేహితులతో ఏమన్నావు? ‘మా ఆంధ్రావాళ్ళు ఎక్కడికెళ్ళినా బాగుపడతారు, ఇక్కడివాళ్ళకి ఆ చొరవ లేదు’ అన్నావు. నలుగురిలో చెవి మెలిపెడితే బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ ఫోను అవతల పెట్టి కుంపటి దగ్గరికి జరుగు. చలికి పొద్దున్నే పొలం పోయే పని ఎలాగూ లేదు నీకు.

నేను సింధనూరు దగ్గరి ఈ క్యాంపుకి, అంటే మన ఆంధ్రావాళ్ళు కట్టుకున్న ఈ ఊరికి, కాపురానికి వచ్చింది 1958లో. అప్పటికి రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి రెండేళ్ళయింది. మా పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లె. బెజవాడలో మీటరు గేజి రైలెక్కితే గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి దాటించి హోస్పేటలో దించేది. అక్కణ్ణుంచి బస్సు, బస్సు దిగాక ఎడ్లబండి. ఒళ్ళో ఆవకాయ జాడీ. జాడీ పగలకుండా అత్తారింటి గడప దాటిస్తే కోడలు సమర్థురాలని లెక్క. అప్పట్లో కాసు బంగారం డెబ్బై, ఎనభై రూపాయల మధ్య ఉండేది. రాళ్ళు తేలిన బస్సు దారిలో నా మెడలో ఉన్న రెండు కాసుల కన్నా ఆ జాడీనే జాగ్రత్తగా పట్టుకున్నాను. ఇప్పటి బంగారం ధర మాత్రం చెప్పకు, వినలేను. సరే, ఆవకాయ దగ్గరే ఆగిపోతే అసలు కథ రాదు.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమగట్టు కాలువ గంగావతి, సింధనూరు మీదుగా మాన్వి, రాయచూరు వైపు పోతుంది. నీళ్ళొస్తున్నాయన్న కబురు తెలియగానే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళు మూటాముల్లె సర్దుకున్నారు. ఎందుకంటావా? అక్కడ భూమి మంచిదే, చాలేది కాదు. అయిదెకరాల ఆసామికి నలుగురు కొడుకులుంటే తలకి ఎకరం పావు. కొనుక్కుందామంటే ఆకాశమంత ధర. అక్కడ ఎకరం అమ్ముకుంటే ఇక్కడ అయిదారెకరాలు వచ్చేవి, కాలువకి కాస్త ఎడంగా అయితే పదెకరాలూ వచ్చేవి. మీ ముత్తాత కూడా అలా వచ్చినవాడే. ధైర్యవంతుడని మీరంతా చెప్పుకుంటారు. నిజంగా ధైర్యవంతుడే. ఆ ధైర్యం ఎక్కడిదన్నదే నేను చెప్పబోయేది.

ముందు ఆయన భూమి కొన్న ముచ్చట చెబుతాను. అప్పుడిది ఇంకా హైదరాబాదు రాష్ట్రం. రెండు రకాల రూపాయలు నడిచేవి. నిజాం సర్కారు వేసిన హాలీ సిక్కా ఒకటి, ఇండియా రూపాయి ఒకటి. దీన్ని కల్దారు అనేవారు. ఆరు కల్దార్లు ఏడు హాలీలకి సమానం. మా మామగారికి ఈ తిరకాసు తెలియదు. పక్క ఊరి గౌడ చెప్పిన ధర కల్దార్లలోనే అనుకుని, సంచీ విప్పి లెక్కపెట్టి ముందు పెట్టారు. ఆ గౌడ లెక్క చూసుకుని, ఏడింట ఒక వంతు వెనక్కి తోసేశాడు. ‘నేను చెప్పింది హాలీ ధర, ఇది నాది కాదు’ అన్నాడు. ఊరూ పేరూ తెలియని మనిషి, భాష రాని మనిషి, మళ్ళీ కనిపిస్తాడో లేదో. ఉంచేసుకుంటే అడిగే దిక్కు లేదు. మా మామగారు పోయేదాకా ఆ మాట చెప్పి కళ్ళు తుడుచుకునేవారు. చొరవ లేదని నువ్వన్నది ఆ గౌడ మనవళ్ళనే, తెలుసా?

క్యాంపులంటే ఇప్పటిలా డాబాలు కావు. రేగడి నేల మీద తాటాకు, బోద గడ్డి పాకలు. వానొస్తే అడుగు తీసి అడుగు వేస్తే చెప్పు బురదలోనే ఉండిపోయేది. ఒక్కో జిల్లావాళ్ళు ఒక్కో చోట చేరారు. వచ్చినవాళ్ళు వెంటనే ఏం కట్టారనుకున్నావు? బడి అనుకుంటున్నావా? రామాలయం కట్టారు. ఆ తర్వాత రైసు మిల్లు. ఆ వెనకే గుడారం వేసుకుని టూరింగు టాకీసు. నేల టిక్కెట్టు పావలా. ఆడకూలి ముప్పావలా ఉన్న రోజుల్లో మూడింట ఒక వంతు కూలి సినిమాకి పోసేవారు. ఏ నలుగురు కూర్చున్నా ‘మా ఊళ్ళో అయితేనా’ అని మొదలుపెట్టేవారు. మా ఊరి వంకాయ, మా ఊరి నీళ్ళు, మా ఊరి మంగలి. మంగలి మాట నిజం, ఒక క్యాంపువాళ్ళు క్షవరానికి మనిషిని గుడివాడ నుంచే తెచ్చుకున్నారు. పెళ్ళి సంబంధాలూ అక్కణ్ణుంచే. తీరా సంక్రాంతికి ఊరెళితే అక్కడివాళ్ళు మమ్మల్ని ‘క్యాంపోళ్ళు’ అనేవారు, మా మాటలో కన్నడం యాస పడిందని నవ్వేవారు. ఇక్కడికొస్తే ‘ఆంధ్రావాళ్ళు’. రెండు చోట్లా పరాయివాళ్ళమే.

నాకు ఈ దేశం నేర్పింది గౌడరింటి పెద్దామె. చుట్టూ తెలుగువాళ్ళే ఉన్నా నాకు ఆమే దిక్కనిపించేది, ఎందుకంటే అత్తగారు లేని ఇల్లు మనది. ఒకరోజు మజ్జిగ కోసం వాళ్ళింటికెళ్ళాను. ఆమె రొట్టెలు చేస్తోంది. మరిగే నీళ్ళు జొన్నపిండిలో పోసి, చెయ్యి చుర్రుమంటుండగానే పిసికేసింది. ముద్దని చెక్కపళ్ళెంలో పెట్టి అరచేత్తో తడుతుంటే అది తనంతట తానే తిరుగుతూ చేటంత అయింది. ఎత్తి పెనం మీద వేసి, పైనున్న పొడిపిండి పోయేలా తడిగుడ్డతో తుడిచి, తడి ఆరేలోగా తిరగేసింది. ఆఖరున నిప్పుల దగ్గర నిలబెడితే పొంగింది. గుత్తివంకాయ కూర, వేరుశెనగ పొడి వేసి నాకు పెట్టింది. మేం జొన్నకూడు అంటే చిన్నచూపు చూసేవాళ్ళం. తిన్నాక ఆ చిన్నచూపు పోయింది. 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించిందని టీవీలో చూసి, షుగరొచ్చిన మీ బాబాయి జొన్నరొట్టె కోసం ఆన్‌లైనులో పిండి తెప్పించుకుంటున్నాడు. పక్క ఊళ్ళో మర ఉంది, పాపం వాడికి ఎవరూ చెప్పలేదు.

ఆమె నాకు ఇంకొకటి చూపించింది. వాళ్ళ పెరట్లో బల్లపరుపు రాయి ఒకటి మట్టితో మెత్తి ఉండేది. దాని కింద జొన్నల పాతర. మనిషి దిగేంత మూతి, లోపలికి పోయేకొద్దీ వెడల్పు, అడుగునా పక్కలా గడ్డి పేర్చి జొన్నలు నింపుతారు. తెరిచిన వెంటనే ఎవరూ దిగకూడదు. లోపలి గాలి ప్రాణం తీస్తుంది. మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దించి చూసి, ఆరకుండా ఉంటేనే దిగాలి. అందులో తిండిగింజలు ఏళ్ళ తరబడి ఉంటాయి. ‘ఇవి ఈ ఏటివి కావు. వచ్చే ఏటివీ కావు. వాన రాని ఏటివి’ అంది ఆమె.

మన ఇంట్లో ఏం జరిగేదో తెలుసా? కుప్ప నూర్చీ నూర్చగానే తిండికి కాస్త పురి కట్టుకుని మిగతాదంతా మిల్లుకి తోలేసేవాళ్ళం. ఆ డబ్బు అంతకుముందే ఖర్చయిపోయి ఉండేది. అమ్మోనియా ఎరువు మిల్లు షావుకారు దగ్గర అరువు, విత్తనం అరువు, కొత్త ఎడ్లు అరువు. గౌడరింటివాళ్ళు మమ్మల్ని చూసి హడలిపోయేవారు. పంట చేతికి రాకముందే అంత అప్పు చేసేవాడికి నిద్రెలా పడుతుందని అడిగేవారు. అప్పు చేసి పప్పుకూడు మాకు తప్పు కాదు, వాళ్ళకి మహాపాపం. మాకు వాళ్ళు పిరికివాళ్ళలా కనపడేవారు. వాళ్ళకి మేం జూదరుల్లా కనపడేవాళ్ళం.

ఇది రక్తంలో ఉన్న తేడా కాదు నాయనా. రేగడి నేలలో జొన్న వేసేవాడు ఏడాదికి ఒకే పంట తీస్తాడు, వాన కురిస్తేనే. అయిదేళ్ళలో ఒక ఏడు ఎండుతుందని వాళ్ళ తాతలకి తెలుసు, ఏ ఏడు ఎండుతుందో తెలియదు. అలాంటివాడు అప్పు చేస్తే మునుగుతాడు, దాస్తే బతుకుతాడు. మా తాతల సంగతి వేరు. జూన్ దాటితే కాలువకి నీళ్ళు వదులుతారని వాళ్ళకి ఖాయం. నీళ్ళు ఖాయమైతే పంట ఖాయం, పంట ఖాయమైతే అప్పు తీరడం ఖాయం. తరాల తరబడి అలా గడిచాక ధైర్యం అలవాటైపోయింది. మీ ముత్తాత ఇంతదూరం వచ్చింది ఆ అలవాటుతోనే. ఆ ధైర్యం వచ్చింది కాలువలోంచి.

కాదంటావా? కాలువ రాకముందు మేమెలా ఉన్నామో చూడు. 1832-33లో గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. డొక్కల కరువు అని కూడా అనేవారు. ఆ జిల్లాలో అయిదు లక్షల జనం ఉంటే లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని పుస్తకాల్లో ఉంది. ఆ పక్కనే కృష్ణ పారుతూనే ఉంది, సముద్రంలోకి. ఆ చనిపోయినవాళ్ళకి చొరవ లేదంటావా? తర్వాత కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి గోదావరి ఆనకట్ట పూర్తిచేశాడు. బెజవాడ దగ్గర కృష్ణకి 1855కి ఆనకట్ట పడింది. అదే జనం, అదే నేల. రెండు తరాలు తిరిగేసరికి ‘డెల్టావాడి తెలివి’ అని చెప్పుకోవడం మొదలైంది. కలిమిలేములు కావడికుండలన్నారు పెద్దలు. ఆ కావడిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చింది రాళ్ళూ సున్నమూ వేసి కట్టిన ఒక గోడ.

నీ చెల్లెలు బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు ఒక సంగతి చదివి వినిపించింది. థామస్ టాల్‌హెల్మ్ అనే ఆయన, మరికొందరు కలిసి చైనాలో వెయ్యిమందికి పైగా కాలేజీ పిల్లల్ని పరీక్షించి 2014లో ‘సైన్స్’ పత్రికలో రాశారట. చైనాలో ఉత్తరాన గోధుమ పండుతుంది, దక్షిణాన వరి. వరి పండే వైపు పుట్టినవాళ్ళు చుట్టుపక్కలవాళ్ళతో కలుపుకుపోతారట, గోధుమ వైపువాళ్ళు ఎవరి పని వాళ్ళు చూసుకుంటారట. వరికి గోధుమకన్నా దాదాపు రెట్టింపు చాకిరీ కావాలి, నీళ్ళు పంచుకోవాలి, అందుకని. నేను వెంటనే నమ్మాను. ఆకుమడి దగ్గర్నుంచి చెప్పుకో. దమ్ము చేసిన మడిలో నాలుగు రోజుల్లో ఊడ్పులు పూర్తికావాలి. ఒక్క ఇంటివల్ల కాదు. ఇవాళ వాళ్ళు మన మడిలో దిగితే రేపు మనం వాళ్ళ మడిలో దిగాలి. పై మడి తడిస్తేగానీ కింది మడికి నీళ్ళు రావు. గట్టు మీద ఎంత తిట్టుకున్నా సాయంత్రానికి మాట కలపక తప్పదు. బోదె దగ్గర రాత్రిపూట లాంతరు పెట్టుకుని కాపలా కాసిన మగవాళ్ళు తెల్లారేసరికి కొట్లాడుకుని వచ్చేవారు, మర్నాడు అదే మనిషి ఇంటికి పెళ్ళి పందిరి వెయ్యడానికి వెళ్ళేవారు.

అయితే ఆ మాట నిజంలో సగమే. జొన్నవాళ్ళకి కలుపుకోలుతనం లేదంటే నేను ఒప్పుకోను. మఠంలో ఎప్పుడెళ్ళినా అడక్కుండా అన్నం పెట్టేది వాళ్ళే. నా పెద్ద కొడుక్కి విషజ్వరం వచ్చిన రాత్రి, మన క్యాంపులో బండి కట్టడానికి ఎడ్లు అలిసిపోయి ఉంటే, గౌడరింటి ఎడ్లే సింధనూరు ఆసుపత్రికి లాక్కెళ్ళాయి. పంట మనిషిని మలుస్తుంది, నిజమే. మనిషిని మలిచేవి ఇంకా చాలా ఉన్నాయి.

ఇక్కడ ఒక పక్కదారి పట్టనివ్వు, ఎక్కువసేపు పోను. మా మేనమామ మాకన్నా ముందే నిజామాబాదు జిల్లా వెళ్ళాడు. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది, బోధన్, వర్ని, బాన్సువాడ వైపు కృష్ణా, గుంటూరు వాళ్ళు చేరారు. ఆయన పండగకొచ్చినప్పుడల్లా ‘తెలంగాణావాళ్ళకి వరి వెయ్యడం మేమే నేర్పాం’ అనేవాడు. ఆ మాట ఇప్పటికీ కొందరి నోట వింటుంటాను, వింటే ఒళ్ళు మండుతుంది. ఓరుగల్లు వైపు రామప్ప, పాకాల చెరువులు కాకతీయుల నాటివి. రామప్ప గుడి 1213 నాటిది. కాటన్ ఆనకట్టకన్నా ఆరువందల ఏళ్ళ ముందు. తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో చూడడానికి ప్రతి చెరువుకీ నీరటివాడుండేవాడు. వాళ్ళకి వరి తెలుసు, నీళ్ళు పంచుకోవడం మనకన్నా బాగా తెలుసు. చెరువులు పూడిపోతే, దొరల వెట్టిచాకిరీ నెత్తిన కూర్చుంటే పండించాలన్న ఆశ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. బయట నుంచి చూసేవాడికి అది బద్ధకంలా కనపడింది. సరే, మళ్ళీ సింధనూరు వద్దాం.

చదువు సంగతీ అంతే. ‘మనవాళ్ళకి చదువంటే ప్రాణం’ అంటావు. మనకి బడులు ఎప్పటివో చూడు. బందరులో నోబుల్ దొర బడి పెట్టింది 1843లో. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలిసింది 1918లో. పల్లెటూరి రైతు కొడుకు చదువుకునే భాష తెలుగు, గుమాస్తా అయ్యేందుకు కాస్త ఇంగ్లీషు. అదే కాలంలో రాయచూరు పల్లెలో కన్నడం మాట్లాడే పిల్లవాడి సంగతేంటి? కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ. 1918లోనే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది, అక్కడా ఉర్దూలోనే చదువు. ఇంట్లో ఒక భాష, బడిలో వేరే భాష, అసలు బడే పది మైళ్ళ దూరం. చదువు మీద మనసు లేదని వాడినంటే పాపం తగలదూ? తర్వాత ఊరూరా కన్నడ బడి వచ్చింది. గౌడ పెద్ద మనవడు ఇంజనీరయ్యాడు, చిన్నవాడు ధార్వాడలో వ్యవసాయం చదివాడు. బుద్ధి మారిందా, బడి దగ్గరైందా?

ఇప్పుడు మన క్యాంపు కథలో ఎవరూ చెప్పుకోని ముక్క చెబుతాను. మనతోపాటు కూలివాళ్ళూ వచ్చారు డెల్టా నుంచి. అదే కాలువ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు. ఊడ్పు, కోత, కుప్ప, అన్నింట్లో మనకన్నా నిపుణులు. మీ ముత్తాత కూడా మడి చదును సరిగ్గా వచ్చిందో లేదో ఒక పెద్దపాలేరుని అడిగే తేల్చుకునేవారు. ఆ పెద్దపాలేరు మనవళ్ళు ఇప్పుడెక్కడున్నారు? ఒకడు బళ్ళారిలో లారీ క్లీనరు. ఇంకొకడు ఇప్పటికీ మన పొలాల్లోనే కూలి. మనవాళ్ళు అంతమంది బాగుపడింది డెల్టా తెలివితేటలతోనే అయితే, ఆ తెలివి ఎక్కువగా ఉన్నవాడే ఎక్కువ బాగుపడాలి కదా? మనకి అమ్ముకోవడానికి అక్కడొక ఎకరం ఉంది, వాళ్ళకి లేదు. అంతే తేడా. విద్య ఉన్నా వీసమెత్తు నేల లేకపోతే తరం తర్వాత తరం పరాయి గట్టు మీదే పోతుంది.

స్థానికుల్లో భూములు అమ్ముకున్నవాళ్ళ సంగతి ఇంకా బాధ. అందరూ గౌడలా ఎక్కువ పొలం ఉన్నవాళ్ళు కారు. నీటి తీరువా కట్టలేమేమోనని భయపడి, రేగడికి నీళ్ళు పెడితే చెడుతుందని అనుమానపడి, కూతురి పెళ్ళికని, ఏదో ఒకదానికి పది పన్నెండు ఎకరాలు అమ్మినవాళ్ళున్నారు. మన పొలానికి పడమటివైపు పొలం అలా చేతులు మారిందే. అమ్మినాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పొలంలో కోతకి వచ్చాడు. మధ్యాహ్నం అన్నానికి అందరూ చెట్టుకింద చేరితే, ఆయన మాత్రం దూరంగా పాత గనిమ దగ్గర కూర్చునేవాడు. అది ఆయన తండ్రి వేసిన గట్టు. నేను మజ్జిగ తీసుకెళితే తల ఎత్తకుండా తీసుకునేవాడు. ఆ మనిషికి ముందుచూపు లేదని మనవాళ్ళు చెప్పుకునేవారు. ఆయన చూపు ఆయన తాతల నుంచి వచ్చింది. కాలువ నిన్నగాక మొన్న వచ్చింది. చూపు మారడానికి ఒక తరం పట్టింది, పొలం పోవడానికి ఒక్క రిజిస్ట్రేషను సరిపోయింది.

రేగడికి నీళ్ళు పడవన్న ఆ అనుమానం ఉత్త పిరికితనం అనుకోకు. నీళ్ళు ఎక్కువైన చోట్ల ఇప్పుడు భూములు చౌడెక్కి తెల్లగా పూసి కనపడుతున్నాయి, వేలకి వేల ఎకరాలు. గంగావతిలో చౌడు నేలల మీద పరిశోధనలు చేస్తున్నారంటే ఊరికే కాదు. వాళ్ళ మాట వినుంటే మనం కాస్త తగ్గించి పెట్టేవాళ్ళమేమో నీళ్ళు.

ఆ తర్వాత ఏమైందో నీకు తెలిసిందే. రెండు తరాలు తిరక్కుండానే ఎవరు ఎవరో పోల్చుకోలేని రోజొచ్చింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో విడుదలైతే అది ఇక్కడ తెలుగువాడి మడిలోనూ కన్నడిగుడి మడిలోనూ ఒకేలా పండింది. గంగావతిని కర్ణాటకకి అన్నపూర్ణ అంటున్నారు. గౌడ మనవళ్ళు మనకన్నా ధైర్యంగా అప్పు చేసి ట్రాక్టర్లు కొంటున్నారు. వాళ్ళ పెరట్లో పాతర మూసేసి దాని మీద బైకులు పెట్టుకుంటున్నారు. మన కోడళ్ళు రొట్టె తట్టడంలో వాళ్ళ కోడళ్ళని మించిపోయారు. సింధనూరు దగ్గర ఆర్.హెచ్. క్యాంపుల్లో బెంగాలీలున్నారు చూడు, తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ళు. వాళ్ళకి వరీ తెలుసు, చేపలూ తెలుసు. ఈ ఎండిన నేలలో చెరువు తవ్వి చేపలు పెంచుతుంటే మొదట అందరూ వింతగా చూశారు, ఇప్పుడు సంతలో వాళ్ళ చేపల కోసం ఎగబడుతున్నారు. వాళ్ళ పిల్లలు కన్నడం, తెలుగు, బెంగాలీ మూడూ గడగడా మాట్లాడతారు. నీకు రెండే వచ్చు.

అలవాటు గట్టిదే. మొక్కై వంగనిది మానై వంగదంటారు, అది నేను కాదనను. మా మామగారు పోయేదాకా జొన్నరొట్టె ముట్టలేదు. గౌడ పోయేదాకా ఎవరి దగ్గరా పైసా అప్పు చెయ్యలేదు. కానీ వాళ్ళ మనవళ్ళు వాళ్ళలా లేరు. నీళ్ళూ బడీ మారితే మనవడి దగ్గర మారుతుంది అలవాటు. అందుకే ఎవరి గురించైనా ‘వాళ్ళంతే’ అని చెప్పేవాడి మాట నేను నమ్మను.

నీతో ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు నీ చేతిలో పని ఒకటుంది. ఈ కాలువ తవ్వినప్పుడు ఇంజనీర్లు అనుకున్నది వేరు. ఎక్కువ భూమికి కొద్దికొద్దిగా నీళ్ళిచ్చి, జొన్న, పత్తి, వేరుశెనగ లాంటి ఆరుతడి పంటలకి కరువు తగలకుండా చూడాలని. వరికి కాస్త భూమే రాసిపెట్టారు. ఏ సర్వే నంబరులో ఏ పంటో కాగితం మీద ఉంది. మనం వచ్చాం, మనకి వరి తప్ప వేరే తెలియదు, మన కాలువ అలవాటు వెంట తెచ్చుకున్నాం. పైవాళ్ళం మడి నింపుకుంటే చివరనున్న మాన్వి, రాయచూరు ఊళ్ళకి నీళ్ళు అందలేదు. ఇప్పటికీ సరిగా అందడం లేదు. అక్కడి రైతు కాలువ ఉన్నా వాన కోసమే చూస్తున్నాడు, ఈ కాలువ గట్టు మీదే. రేపు వాడిని చూసి ‘చొరవ లేదు’ అనేది నీలాంటివాడే.

2024 ఆగస్టులో డ్యాము పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారం రోజులూ తెలుగువాళ్ళూ కన్నడంవాళ్ళూ బెంగాలీలూ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడి ఒకే టీవీ చూశారు. ఆ రోజు అందరికీ నీళ్ళు పోతాయన్న భయం ఒకటే.

మన పొలం పిల్లకాలువ మొదట్లో ఉంది. రెండో కారుకి వరి మానెయ్యి. శెనగ వెయ్యి, లేకపోతే జొన్న వెయ్యి. మిగిలిన నీళ్ళు కిందికి పోనీ. నువ్వొక్కడివీ మానేస్తే చాలదని నాకూ తెలుసు, అందుకే ఈసారి నీటి సంఘం మీటింగుకి మీ నాన్నని పంపకుండా నువ్వే వెళ్ళు. వెళ్ళి, చివరి ఊళ్ళవాళ్ళు కూడా కూర్చుని ఉండగా, ఈ మాట లేచి నిలబడి కన్నడంలో చెప్పు.